మా చిన్న బార్‌లో రాక్ సంగీతం కొనసాగించాలా, ఆపేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి

మూలబల్ల (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ఇళ్ల మధ్య ఒక చిన్న వీధిలో బార్ అండ్ రెస్టారెంట్ నడుపుతున్నాను. ముందు భోజనాల బల్లలు, వెనుక బార్ కౌంటర్, పక్కింటి వైపు గోడకు ఆనించి మేమే కట్టుకున్న చెక్క వేదిక. కిక్కిరిస్తే 70 మంది పడతారు. 6 ఏళ్లుగా ప్రతి శనివారం రాత్రి 9 గంటలకు ఏదో ఒక రాక్ బృందం ఇక్కడ వాయిస్తోంది. ఈ వ్యాపారంలో నాకు దక్కిన సంతోషంలో చాలా భాగం ఆ వేదిక మీది నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఆ శనివారాలనే ఆపేయాలా అనే ఆలోచనలో పడ్డాను. గోడకు అవతల కొత్తగా ఒక కుటుంబం దిగింది. నెలల బిడ్డ ఉంది. రెండుసార్లు వచ్చి మర్యాదగా చెప్పి వెళ్లారు, మూడోసారి ఉత్తరం రాశారు. అందులో కోపం లేదు, అలసట ఉంది. అది చదివిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

పద్దు పుస్తకం చూస్తే శనివారం అమ్మకం మిగతా రోజులకన్నా ఎక్కువే. కానీ బృందానికి, సౌండ్ సామగ్రి అద్దెకు, అదనపు మనిషికి ఇచ్చేశాక మిగిలేది స్వల్పం. భోజనానికి వచ్చినవారు మొదటి పాటకే బిల్లు అడుగుతున్నారు. తెలిసినవారొకరు గోడల నిండా ఫోమ్ పలకలు అంటించమన్నారు, నమూనాలు కూడా తెచ్చి ఇచ్చారు. ఇంకొకరు బృందాలను మానిపించి రికార్డు పాటలు పెట్టుకోమన్నారు. ఏది చేయాలో తోచడం లేదు.

నాలుగుతీగలు

దయచేసి ఆపకండి. బేస్ గిటార్ వాయిస్తాను. మా బృందం మొదటిసారి జనం ముందు నిలబడింది మీలాంటి చోటే. వేదిక అని కూడా అనలేం, రెండు బల్లలు జరిపితే ఏర్పడిన ఖాళీ. మూడడుగుల దూరంలో ఒక పెద్దాయన భోంచేస్తున్నారు. మూడో పాటలో నేను తాళం తప్పాను. ఆయన చెయ్యి ఆపి నా వైపు చూశారు. ఆ చూపు నాకు నేర్పినంత ఏ శిక్షణా నేర్పలేదు. పెద్ద మైదానాల్లో అది దొరకదు, అక్కడ దీపాల వెలుగు తప్ప మనుషులు కనిపించరు.

రాక్ చరిత్రలో సగం ఇలాంటి ఇరుకు గదుల్లోనే జరిగింది. న్యూయార్క్ బవరీ వీధిలో హిల్లీ క్రిస్టల్ అనే అతను 1973 చివర సీబీజీబీ అనే క్లబ్బు తెరిచాడు. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అన్న మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అంటే అతను అనుకున్న సంగీతం వేరు. 1974లో టెలివిజన్, రామోన్స్ లాంటి బృందాలు వచ్చి పడ్డాయి. పరాయి పాటలు కాదు, మీ సొంత పాటలు వాయించండని అతను పెట్టిన ఒక్క షరతు వల్ల అక్కడొక కొత్త సంగీతమే పుట్టింది. ఆ చోటు కూడా అద్దె తగాదాతో 2006 అక్టోబరులో మూతపడింది. చివరి రాత్రి రాక్ గాయని పాటీ స్మిత్ పాడింది. ఒకసారి మూతపడిన చోటు మళ్లీ దొరకదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

శబ్దలెక్కలు

మూలబల్ల గారూ, ఫోమ్ కొనకండి. ముందు ఆ మాట చెప్పి తర్వాత కారణం చెబుతాను. 20 ఏళ్లుగా సౌండ్ చూసుకునే పనిలో ఉన్నాను. ఈ పొరపాటు చేసి డబ్బు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

గదిలో ప్రతిధ్వని తగ్గించడం ఒక పని. గదిలోని శబ్దం గోడ దాటకుండా చూడడం వేరే పని. ఫోమ్ మొదటి పని చేస్తుంది, అదీ హెచ్చు స్వరాలకే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను నొక్కకుండా మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు వస్తాయి. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్లు దాటుతుంది. రెండంగుళాల మెత్తటి పలక దానికి అడ్డే కాదు. దాన్ని ఆపగలిగేది బరువు. గోడ బరువు రెట్టింపు చేసినా సిద్ధాంతం ప్రకారం తగ్గేది సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత).

అందుకని సందుల దగ్గర మొదలుపెట్టండి. గోడ విస్తీర్ణంలో నూరో వంతు రంధ్రం ఉన్నా చాలు, మిగతా గోడ ఎంత దళసరిదైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. వైర్లు పోయే కన్నాలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ గూడు, వంటగది వెనుక తలుపు కింద సందు, ఇవన్నీ చూడండి. దీపం ఆర్పి అవతల నుంచి టార్చి వేయించండి. వెలుతురు వచ్చే ప్రతి చోటా శబ్దం పోతుంది.

తర్వాత వేదిక. బోలుగా ఉన్న చెక్క పెట్టెను పక్కింటి గోడకు ఆనించి కట్టామంటున్నారు. మీరు కట్టింది ఇంకో డ్రమ్ము. దాని మీద బేస్ పెట్టె, డ్రమ్ముల సెట్టు. ఆ కదలిక నేరుగా గోడలోకి, గోడ నుంచి వారి మంచంలోకి వెళుతుంది. వేదికను ఎదురు గోడవైపు మార్చండి, ఏ గోడకూ తగలనివ్వకండి. కాళ్ల కింద దళసరి రబ్బరు దిమ్మలు పెట్టించండి. బోలు భాగాన్ని ఇసుక సంచులతో నింపండి. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు.

తీగెలపని

ఫోమ్ గురించి నేనూ ఒక మాట చెప్పాలి. శబ్దం కోసం కాదు, ప్రాణాల కోసం. భవనాల్లో విద్యుత్ పనులు చేసి విరమించినవాడిని.

అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లో స్టేషన్ అనే చిన్న క్లబ్బు ఉండేది. ఇరుగుపొరుగు శబ్దం గురించి ఫిర్యాదు చేస్తే వేదిక చుట్టూ పాలీయురెథేన్ ఫోమ్ అంటించారు. 2003 ఫిబ్రవరి 20 రాత్రి కచేరీ మొదలవుతూనే కాల్చిన మతాబుల నిప్పు ఆ ఫోమ్‌కు అంటుకుంది. 100 మంది చనిపోయారు. చాలామంది తాము లోపలికి వచ్చిన ముందు తలుపు దగ్గరికే పరుగెత్తి అక్కడ చిక్కుకుపోయారు. పదేళ్లు తిరగకముందే, 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంతా మరియా పట్టణంలో కిస్ అనే క్లబ్బులో అదే కథ. అక్కడ 242 మంది. అక్కడా ఫోమే, అక్కడా బాణసంచాయే. మీ బల్ల మీద ఉన్న ఆ నమూనాలు చూసినప్పుడల్లా ఈ రెండూ గుర్తు చేసుకోండి.

వెనుక తలుపు శనివారం రాత్రి తాళం వేసి ఉంటుందా? దాని ముందు ఖాళీ సీసాల డబ్బాలు పేర్చి ఉంటాయా? ఈ రెండిటికీ కాదని గట్టిగా చెప్పగలిగితేనే మిగతా చర్చ.

ఇంకొకటి. వేదిక మీది ప్లగ్గులన్నిటికీ సరైన ఎర్తింగ్ ఉందో లేదో మీటరు పెట్టి చూపించండి. గిటార్ తీగలు యాంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు ఇంకో బోర్డు నుంచి వస్తుంది. ఒకదాని ఎర్తు తెగి ఉంటే, తీగల మీద చెయ్యి వేసి మైకుకు పెదవులు ఆనించిన గాయకుడి ఒంట్లోంచి కరెంటు పోతుంది. లీకేజీని పసిగట్టి క్షణంలో సరఫరా ఆపే బ్రేకరు ఆ లైనుకు తప్పనిసరి.

పైఅంతస్తు

నేను గోడకు అవతలి మనిషిని. మీ గోడ కాదు, ఇలాంటిదే మరో చోటు పై అంతస్తులో 4 ఏళ్లు కాపురమున్నాను.

సంగీతమంటే నాకు ఇష్టమే. కానీ మా పడకగదిలోకి వచ్చేది పాట కాదు. మాటలు వినిపించవు, రాగం వినిపించదు. కింది నుంచి గుండె మీద తట్టినట్టు ఒకే చప్పుడు, అంతే. పాట వినిపిస్తే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. దీనికి మొదలూ చివరా ఉండవు. ఆగింది అనుకుని కళ్లు మూసుకుంటాం, బృందం నీళ్లు తాగి మళ్లీ మొదలుపెడుతుంది. నన్ను ఎక్కువ బాధించింది చప్పుడు కన్నా, ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడం. ఫలానా రోజున 10 గంటలకు కచ్చితంగా ఆగుతుందని ముందే తెలిస్తే మనిషి ఏదో ఒకలా సర్దుకుంటాడు. ఆ ఉత్తరం రాసినవారికి మీ ఫోను నంబరు ఇచ్చారా? శనివారం రాత్రి దాన్ని ఎవరైనా ఎత్తుతారా?

నాలుగుతీగలు

పైఅంతస్తు గారూ, మీ బాధను కాదనను. అయినా ఒకటి అడగాలి. ఆ సంగీతం 6 ఏళ్లుగా అక్కడ ఉంది, కుటుంబం మొన్న వచ్చింది. పాత చోటు పక్కన కొత్త ఇళ్లు కడితే శబ్దం లోపలికి రాకుండా చూసుకునే బాధ్యత కట్టేవారిదే అన్న సూత్రాన్ని ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2014లో తన నియమాల్లో చేర్చింది. ఇంగ్లండ్ 2018లో జాతీయ ప్రణాళికా విధానంలోకి తెచ్చింది. ఆ మార్పు ఊరికే రాలేదు. మెల్‌బోర్న్‌లో టోట్ అనే పబ్బు లైసెన్సు షరతుల భారం మోయలేక 2010 జనవరిలో మూతపడితే, మరుసటి నెలలో వేలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే అది మళ్లీ తెరుచుకుంది.

పైఅంతస్తు

ఆ నియమం న్యాయమైనదే, భవనం కట్టినవారి మీద అది నిలబడుతుంది. కానీ అద్దెకు దిగిన తల్లికి అదేమి ఉపకారం చేస్తుంది? బిడ్డ రాత్రి ఒంటిగంటకు ఏడుస్తుంటే ఎవరు ముందు వచ్చారన్న లెక్క ఆమెకు ఎందుకు పనికివస్తుంది? మూలబల్ల గారు అడిగింది హక్కు గురించి కాదనుకుంటాను. ఆ ఉత్తరం చదివి నిద్ర పట్టలేదని రాశారు, ఆ మాట నాకు నచ్చింది.

నాలుగుతీగలు

ఒప్పుకుంటున్నాను. కట్టినవారికీ కాపురమున్నవారికీ తేడా చూడకుండా రాశాను.

రెండుకర్రలు

డ్రమ్ములు వాయించేవాడిగా నేరం ఒప్పుకుంటాను. చిన్న గదిలో మొత్తం శబ్దాన్ని నిర్ణయించేది సౌండ్ మనిషి కాదు, స్నేర్ డ్రమ్ము, అంటే సెట్టులో చటుక్కున పదునుగా మోగే చిన్న డ్రమ్ము. దానికి మైకే అక్కర్లేదు. నేను గట్టిగా కొడితే గిటార్ మనిషి తన వాద్యం తనకు వినిపించక యాంప్ పెంచుతాడు. గాయకుడి గొంతు మునిగిపోతుంది, అతని మైకు పెంచుతారు, మైకు కూత పెడుతుంది. ఈ వరుస మొత్తానికి మొదలు నా మణికట్టు.

చిన్న చోట్లకు నేను తీసుకువెళ్లే సామాను వేరు. మామూలు కర్రల బదులు, సన్నని పుల్లలను కట్టగా బిగించిన కర్రలు. రెండే సింబల్స్ (కంచు తాళాలు), అవీ పల్చనివి. పెద్ద డ్రమ్ములో మడిచిన దుప్పటి, అడుగున దళసరి తివాచీ. మొదట్లో చేతులు కట్టేసినట్టు ఉండేది. నాలుగైదు కచేరీల తర్వాత తాళంలో నాకే తెలియని సందులు వినిపించడం మొదలైంది. ఇప్పుడు పెద్ద వేదిక మీద కూడా అలాగే వాయించాలనిపిస్తుంది.

గిటార్ మిత్రులకు: మీకు 15 వాట్ల వాల్వ్ యాంప్ చాలు. 100 వాట్లది దానికన్నా ఇచ్చేది 8 డెసిబెల్స్ మాత్రమే. నేల మీద పెట్టి మోకాళ్లకు వినిపించకండి. కుర్చీ మీద ఎత్తి, వెనక్కి వంచి, మీ చెవికి తగిలేలా పెట్టుకోండి. పెంచాలన్న కోరిక సగం తగ్గుతుంది.

1970ల మొదట్లో లండన్ పబ్బుల్లో రాక్ మళ్లీ ఊపిరి పోసుకున్నది ఇలాంటి చిన్న సామాను తోనే. 1971లో కెంటిష్ టౌన్‌లోని టాలీ హో అనే పబ్బులో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బృందం మొదలుపెట్టింది, తర్వాత డాక్టర్ ఫీల్‌గుడ్ లాంటివారు వచ్చారు. లారీల నిండా పెట్టెలు లేవు కాబట్టే వాళ్లు ఏ మూలనైనా ఇమిడిపోయారు.

పళ్లెంచేతిలో

ఇంతవరకూ ఎవరూ లోపల పని చేసేవారి గురించి మాట్లాడలేదు. ఇలాంటి చోట 3 ఏళ్లు వడ్డన పని చేశాను. శ్రోత ఇష్టపడి వస్తాడు, ఒక గంట విని వెళ్లిపోతాడు. మేము మొదటి పాట నుంచి చివరి పాట దాకా అక్కడే, అదీ స్పీకరు పక్క నుంచే పళ్లేలు మోస్తూ. ఆదివారమంతా చెవుల్లో ఈల మోగేది. వయసులో ఉన్నాను కదా, పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుంటే ఎడమ చెవిలో ఆ ఈల ఇంకా ఉంది.

పని స్థలాల్లో ఆరోగ్యాన్ని చూసే అమెరికా సంస్థ నియోష్ చెప్పే హద్దు రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది. 88 అయితే 4 గంటలు. 100 అయితే 15 నిమిషాలు. మరి మేము 3 గంటలు తిరిగేవాళ్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో సగటు 100 దాటకూడదని, వచ్చినవారికి చెవి బిరడాలు (ఇయర్‌ప్లగ్స్) అందుబాటులో ఉంచాలని, చెవులకు విశ్రాంతినిచ్చే మూల ఒకటి ఉండాలని ఉంది. మీ సిబ్బందికి బిరడాలు మీరే కొనివ్వండి. చౌక నురుగు ముక్కలు కాదు, మాట స్పష్టంగా వినిపించే సంగీతకారుల రకం. లేకపోతే కస్టమరు ఆర్డరు చెప్పినప్పుడల్లా తీసి జేబులో వేసుకుంటారు.

వెనకవరుస

నేను వాయించను, వింటాను. నాకు తోచింది వేళ గురించి. రాక్ అంటే రాత్రి 9 తర్వాతే అని ఎవరు రాశారు? లివర్‌పూల్ కావెర్న్ 1957లో జాజ్ క్లబ్బుగా తెరుచుకున్న నేలమాళిగ. అక్కడ బీటిల్స్ 1961 ఫిబ్రవరిలో మొదటిసారి వాయించింది మధ్యాహ్న భోజన విరామంలో. ఆఫీసుల నుంచి, దుకాణాల నుంచి వచ్చి, విని, మళ్లీ పనికి పోయేవారు. ఆ బృందాన్ని రాటుదేల్చినవాటిలో ఆ పట్టపగటి కచేరీలూ ఉన్నాయి.

శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తే ఏమి పోతుంది? నాలాంటి నడివయసువారు నిశ్చింతగా వస్తారు, పిల్లలను తెచ్చుకోనిస్తే ఇంకా సంతోషం. మధ్యలో అరగంట విరామం ఇస్తే వంటగదికి ఆర్డర్లు వస్తాయి. మొదటి పాటకే బిల్లు అడుగుతున్నారన్నారు. వారు సంగీతానికి రాలేదు, భోజనానికి వచ్చారు. శనివారం పాట ఉంటుందని తలుపు మీద పెద్దగా రాసి ఉందా? ఫోనులో బల్ల కోరినప్పుడు ఎవరైనా చెబుతున్నారా?

రికార్డు పాటలు పెట్టుకోమన్న సలహాను మాత్రం పట్టించుకోకండి. అది ఏ హోటల్లోనైనా దొరుకుతుంది. పైగా దానికీ స్వరకర్తల హక్కుల సంస్థల లైసెన్సు తీసుకోవలసిందే, కాబట్టి ఆదా అవుతుందన్నది కూడా భ్రమ.

నాలుగుతీగలు

డబ్బు మాట మా వైపు నుంచి. ప్రవేశ రుసుము మొత్తం బృందానికే ఇచ్చి, బార్ అమ్మకం మీరు ఉంచుకోండి. జనం రాకపోయినా ప్రయాణ ఖర్చు, భోజనం దక్కేలా ఒక కనీస మొత్తం ముందే ఒప్పుకోండి. ఎంత వస్తుందో చెప్పి ఇచ్చినది తక్కువైనా మేము బాధపడం. రాత్రి ఒంటిగంటకు కౌంటర్ దగ్గర నిలబెట్టి నీళ్లు నమిలితే బాధపడతాం. సామగ్రి ప్రతి వారం అద్దెకు తేవడం మాని, రెండు మంచి మైకులు, ఒక చిన్న మిక్సరు, రెండు స్పీకర్లు కొనుక్కుంటే ఆ ఖర్చు తీరిపోతుంది. వచ్చిన బృందమల్లా తన పెద్ద పెట్టెలు మోసుకురావడమూ ఆగుతుంది.

మూలబల్ల

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. 5 వారాలు గడిచాయి, జరిగింది చెబుతాను.

ఫోమ్ నమూనాలు పారేశాను. వెనుక తలుపు ముందు నిజంగానే సీసాల డబ్బాలు ఉన్నాయి. తీగెలపని గారి మాట చదివిన రోజే తీయించాను, చేతులు వణికాయి. వేదిక మీది రెండు ప్లగ్గులకు ఎర్తింగ్ లేదని తేలింది, సరిచేయించాం. వేదిక విప్పి అవతలి గోడవైపు, గోడకు జానెడు దూరంలో, రబ్బరు దిమ్మల మీద మళ్లీ కట్టాం. టార్చి వేసి చూస్తే 11 చోట్ల వెలుతురు వచ్చింది. అన్నీ పూడ్పించాం.

ఇంత చేసి, ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే అంకె ముందుకన్నా బాగా తగ్గింది. సంబరపడి పక్కింటివారిని అడిగితే, తగ్గింది కానీ ఆ దడ ఇంకా తెలుస్తోందన్నారు. అంకెకూ వారి మాటకూ పొంతన కుదరడం లేదు.

శబ్దలెక్కలు

యాప్‌లో ఏ రకం తూకం (వెయిటింగ్, అంటే ఏ స్వరాలను ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే అమరిక) పెట్టారో చూడండి. ‘ఏ’ తూకం మన చెవి తీరును అనుసరించి కింది స్వరాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ (సెకనుకు 63 కంపనాలు) దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. మీ పక్కింటివారిని తాకుతున్నది సరిగ్గా ఆ భాగమే. కింది స్వరాలను అంతగా కోయని ‘సీ’ తూకానికి మార్చి మళ్లీ కొలవండి, అంకె ఎంత ఎగబాకుతుందో చూడండి. ఫోను మైకులు కింది స్వరాల దగ్గర అంతగా నమ్మదగినవి కావు, వీలైతే నిజమైన మీటరు ఒకరోజు అద్దెకు తెచ్చుకోండి. కొలత మీ హాల్లో కాదు, వారి పడకగదిలో జరగాలి. వారు ఒప్పుకుంటే బేస్ మనిషిని ఒక్కొక్క స్వరం మీటమని చెప్పి, ఏ స్వరం దగ్గర దడ వస్తోందో పట్టుకోండి. గది కొలతలను బట్టి ఒకటి రెండు స్వరాలే పొంగుతాయి. మిక్సరులో వాటిని మాత్రమే కోసేస్తే మిగతా బేస్ అంతా ఉంచుకోవచ్చు.

మూలబల్ల

నిన్న మధ్యాహ్నం అదే చేశాం. ఈ శనివారం వాయించబోయే బృందంలోని బేస్ అమ్మాయి ఇక్కడ ఒక్కొక్క స్వరం మీటుతుంటే, ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని పడకగదిలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని చెబుతూ పోయింది. "ఇప్పుడు లేదు. ఇప్పుడూ లేదు. ఇదిగో, ఇది." రెండే రెండు స్వరాలు. వాటిని తగ్గించి మొత్తం పాట వాయించి వినిపించాం. పాట అయిపోయాక అటు నుంచి, మొదలుపెట్టారా అని అడిగింది. బేస్ అమ్మాయి గిటార్ అలాగే మెడలో వేసుకుని నేల మీద కూర్చుండిపోయింది.

ఈ శనివారం నుంచి వేళ ఆరున్నర, చివరి పాట తొమ్మిదిన్నరకు. తేదీల కాగితమూ నా నంబరూ వారింటికి ఇచ్చి వచ్చాను. సిబ్బందికి బిరడాలు వచ్చాయి. ఒకరు వద్దన్నారు, పళ్లెంచేతిలో గారు రాసింది చదివి వినిపించాక తీసుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుతున్నప్పుడు ఆమె ఇంకో సంగతి చెప్పింది. పాటలు ఆగాక, అర్ధరాత్రి దాటాక, మేము కుర్చీలు నేల మీద ఈడ్చి పేరుస్తామట. ఆ వెంటనే ఖాళీ సీసాలు ఒక్కసారిగా పెద్ద డబ్బాలో గుమ్మరిస్తామట. బిడ్డ ఉలిక్కిపడి లేచేది ఎక్కువగా ఆ చప్పుడుకేనట. శనివారమే కాదు, వారంలో ప్రతి రాత్రీ. 6 ఏళ్లుగా ఆ రెండు పనులూ నేనే దగ్గరుండి చేయిస్తున్నాను.

సీసాలు ఇకపై ఉదయం 9 తర్వాతే. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయిద్దామనుకుంటున్నాను, మొత్తం 280 కాళ్లు. నీళ్లు పోసి నేల కడిగినా ఊడిపోని రకం ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి.

రెండుకర్రలు

లోపలికి దూర్చేవి కొనకండి, నెలకే రాలిపోతాయి. కాలి మీదుగా పైకి లాగి బిగించే తొడుగులు తీసుకోండి. నా డ్రమ్ము స్టాండులకు అవే వేశాను, 3 ఏళ్లయింది. శనివారం నేనూ వస్తున్నాను, రెండు తెచ్చి చూపిస్తాను.